ఇత్తడి గొట్టాలకు బొట్టు

మా మామగారికి నేనంటే పడదు. నాకు ఆయనంటే పడదు. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరి మధ్య ఎన్నడూ తేడా రాలేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఒకరినొకరు చూసీ చూడనట్టు నెట్టుకొచ్చాం. తుపాకీ లైసెన్సు రెన్యువల్ దగ్గర ఆ మర్యాద కూడా పోయింది.

ఆయన పేరు కృష్ణంరాజు. చోడవరం నుంచి వడ్డాది వెళ్ళే రోడ్డు పక్కన మాకు చెరకు తోట ఉంది. చెరకు మనిషెత్తు దాటిందంటే అడవిపందులు దిగుతాయి. అవి తినేది కొంచెం, తొక్కేది బోలెడు. వాటిని చంపడానికి వీల్లేదు. గాల్లోకి పేల్చి బెదరగొట్టుకోవడమే. అందుకోసం మామగారి తండ్రి కాలం నుంచీ ఇంట్లో డబుల్ బ్యారెల్ తుపాకీ ఒకటి ఉంది. పంట కాపలాకి ఇచ్చిన లైసెన్సు అది. కొట్లో కొన్న తూటాల మీద మామగారికి నమ్మకం లేదు. పేలిన ఇత్తడి గొట్టాలను ఏరి తెచ్చుకుని, వాటి అడుగున నిప్పు రేపే కొత్త క్యాపు వేసి, మందు నింపి మళ్ళీ తూటాలు చేసుకుంటారు. అందుకూ ఆయన దగ్గర పర్మిషను కాగితం ఉంది. ఊళ్ళో ఇంకెవరికీ ఆ విద్య రాదని ఆయన గొప్ప.

రెన్యువల్ ఏడాది ఎంక్వైరీకి ఎస్సైగారు వచ్చారు. తుపాకీ ఎక్కడ పెడతారని అడిగితే, ఇనప బీరువాలో పెట్టి తాళం వేస్తామని మామగారు తడుముకోకుండా చెప్పారు. ఎస్సైగారు కాఫీ తెచ్చిన నా వైపు తిరిగి, బీరువా ఏదమ్మా చూపించు అన్నారు. బీరువా ఉంటే కదా చూపించడానికి. బీరువా లేదండి, హాల్లో మంచం కింద పెడతారండి అన్నాను. అడిగారు, చెప్పాను. ఎస్సైగారు వీధిలో జనం చూస్తుండగానే మామగారిని కడిగేశారు. రెన్యువల్ ఆగిపోయింది. ఇనప బీరువా కొని, ఫోటో తీసి పట్టుకెళ్ళి చూపించాకే కాగితం చేతికొచ్చింది. ఆ బీరువా తాళం అప్పటి నుంచీ ఆయన మొలతాడుకే వేలాడుతోంది.

కాగితం వచ్చిన రోజే నన్ను పిలిచి, పేలిన గొట్టాల సంచీ నా కాళ్ళ ముందు పడేశారు.

"రూల్సు తెలిసిన మనిషివి కదా. ఇకనుంచి ఇవి నువ్వే తోము" అన్నారు.

పేలిన గొట్టం కొంచెం ఉబ్బుతుంది. దాన్ని ఉక్కు అచ్చులోకి దిగ్గొట్టి మళ్ళీ సైజుకి తేవాలి. అందులో ఇరుక్కుపోకుండా ముందు నూనె పూస్తారు. మామగారు పూసేది ఆముదం. తాతల నాటి అలవాటు, మార్చరు. సైజుకి వచ్చాక ఆ ఆముదం లోపలా బయటా చుక్క లేకుండా పోవాలి. మిగిలిందా, క్యాపు చెడిపోతుంది, మందు ముద్దవుతుంది, తూటా పేలదు. ఈ ముక్క ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ నేను మొదటిసారి వింటున్న మొద్దునని ఆయన ఉద్దేశం.

అంతకుముందు ఆ పని మా అత్తగారు రాజులమ్మ చేసేది. ఆవిడ చింతపండు, బూడిద పెట్టి తోమేది. బయట దేవుడి గిన్నెల్లా మెరిసేవి, లోపల జిడ్డు మాత్రం అలాగే ఉండేది. పైగా ఆవిడ వేళ్ళకి కీళ్ళవాతం, గట్టిగా పట్టుకోలేదు. నేను ఆ పద్ధతి మానేశాను. తలకి పట్టించిన ఆముదాన్ని వదిలించేది ఏదో ఆడపిల్లగా పుట్టిన ప్రతిదానికీ తెలుసు. కుంకుడుకాయలు కొట్టి, మరగబెట్టి, ఆ వేడి రసంలో గొట్టాలు నానేశాను. పుల్లకి గుడ్డ చుట్టి ఒక్కోదాని లోపల తిప్పాను. ఆ తరవాత చింతపండు, ఆ తరవాత మంచినీళ్ళు. చాటలో పోసి ఎండలో పెట్టాను. చివర్న దీపానికి చేసినట్టు దూది వత్తి చేసి ప్రతి గొట్టంలోనూ తిప్పి తీశాను. వత్తి తెల్లగా, పొడిగా వస్తేనే ఆ గొట్టం పక్కన పెట్టేదాన్ని.

మామగారు ఒక్కోదాన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవారు. తప్పు దొరకలేదన్న కోపం ఆ ముక్కు మీదే కనిపించేది. ఆయన మీద ప్రేమతో నేను అంత శుభ్రంగా తోమానని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఆయన చేత మాట పడకూడదని తోమాను. పగ ఉన్నచోట పని ఇంకా శుభ్రంగా జరుగుతుంది.

మా ఇంట్లో దసరాకి ఆయుధపూజ చేస్తారు. తుపాకీని, నింపిన తూటాలను అమ్మవారి ముందు పసుపు గుడ్డ మీద పెడతారు. పొడి కుంకుమ ఇత్తడికి అంటుకోదని మామగారు దీపం ప్రమిదలోని నువ్వులనూనెలో కుంకుమ కలిపి, ఉంగరం వేలితో ఒక్కో తూటా అడుగున బొట్టు పెడతారు. ఈ ఏడాది పండక్కి విశాఖపట్నం కొట్లో క్యాపులు దొరకలేదు. పూజ ఆపుతారా? ఆపరు. నేను కడిగి ఆరబెట్టిన ఖాళీ గొట్టాలనే గుడ్డ మీద బోర్లా నిలబెట్టి, అడుగున బొట్లు పెట్టేశారు. బొట్టు నిండుగా ఉండాలని నూనె దండిగానే ముంచారు.

"బొట్టు పెట్టేక ఇవి అమ్మవారివి. ఆడోళ్ళెవరూ ముట్టుకోకూడదు" అన్నారు, నా వైపు చూసి.

ముట్టుకోవాలని నాకేం సరదా? చింతపండు పులుపుకి నా వేళ్ళ సందులు అప్పటికే పగిలి మండుతున్నాయి. పండగ వెళ్ళాక క్యాపులు వచ్చాయి. ఆయన పైపంచె కొంగుతో బొట్లు తుడిచేసి, క్యాపులు బిగించి, మందు నింపి, తూటాలు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ పని చేస్తున్నంతసేపూ తలుపు వేసుకునే ఉన్నారు.

కార్తీకంలో పందులు దిగాయి. తెల్లారుతుండగా మామగారు తుపాకీ పట్టుకుని తోటకి వెళ్ళారు. ఆ తరవాత జరిగింది పక్క చేలో వరి కోస్తున్న కూలీలు చెప్పారు. మంద గట్టు మీదకి వచ్చింది. ఈయన గాల్లోకి గురిపెట్టి మీట నొక్కారు. టిక్కుమంది. రెండోది నొక్కారు. అదీ టిక్కుమంది. చప్పుడైతే పారిపోవలసిన పంది, చప్పుడు లేకపోయేసరికి నేరుగా ఆయన మీదకే వచ్చింది. పిక్క నుంచి మోకాలి దాకా చీరేసింది. కూలీలు కొడవళ్ళతో కేకలేస్తూ పరిగెత్తబట్టి ప్రాణం దక్కింది.

కబురు రాగానే ఆటో పిలిపించి తోటకి వెళ్ళింది నేనే. నా చీర కొంగు చింపి కాలికి కట్టు కట్టాను. అనకాపల్లి ఆసుపత్రి దాకా ఆ కాలు నా ఒళ్ళోనే ఉంది. ఆటో గుంతలో పడినప్పుడల్లా ఆయన మూలిగారు, నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఎంత పడకపోయినా కళ్ళెదుట మనిషి రక్తం కారుతుంటే చూస్తూ కూర్చోం కదా.

ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టాక నర్సు, ఎలా జరిగిందని అడిగింది. ఆయన వేలు నా వైపు చూపించారు.

"గొట్టాల్లో ఆముదం వదిలేసింది. కావాలనే వదిలేసింది. ఈ గుంట నన్ను సంపడానికే సూసింది."

నా చీర నిండా ఆయన రక్తం. నర్సు ఆ రక్తం వైపు, నా మొహం వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు నేను చచ్చేదాకా మరిచిపోను.

కుట్లు వేయించుకుని ఆయన ఇంటికి వచ్చేసరికి ఆ మాట మా వీధంతా తిరిగేసింది. ఎదురింటి నూకరత్నం చెవిలో ఒక మాట పడితే చాలు, ఊరికి మైకు అక్కర్లేదు. కుళాయి దగ్గర నేను బిందె పెడితే పక్కవాళ్ళు తమ బిందెలు జరుపుకున్నారు. పాలు పోసే ఆవిడ గుమ్మం బయటే నిలబడి పోసి వెళ్ళింది. మామగారిని చంపబోయిన కోడలు అని నాకు పేరు వచ్చేసింది.

మా ఆయన శ్యాంప్రసాద్ పరవాడలో మందుల కంపెనీలో పని చేస్తాడు, వారానికోసారి వస్తాడు. ఈసారి వారం మధ్యలోనే వచ్చాడు. తండ్రి దగ్గర చాలాసేపు కూర్చుని, వంటింట్లోకి వచ్చి, పొరపాటున ఏదైనా ఒక గొట్టంలో మిగిలిపోయిందేమో అని నన్ను అడిగాడు. లేదన్నాను. ఇంకోసారి ఆలోచించమన్నాడు. నాకు మామగారి మీద కన్నా మా ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది. మామగారు నాకు ఎప్పుడూ పరాయివాడే. ఈయన నా మొగుడు. నేను తోమిన గిన్నెల్లో ఆరేళ్ళుగా అన్నం తింటున్న మనిషి.

ఆదివారం పెద్దమనుషులు కూర్చుంటారని చెప్పాడు. వాళ్ళ ముందు నేను తప్పు ఒప్పుకుని మామగారి కాళ్ళ మీద పడాలి. పడితే విషయం ఇంట్లోనే సరి. లేకపోతే స్టేషన్లో కంప్లైంటు, నేను పుట్టింటికి. ఇది మామగారి తీర్పు, మా ఆయన దాన్ని మోసుకొచ్చిన బంట్రోతు. మా అమ్మకి ఫోన్ చేస్తే, మాటే కదే, అనేసి ఇంట్లో ఉండమంది. అది మాట కాదు. ఒకసారి నా నోటితో ఒప్పుకుంటే నేను హత్య చేయబోయినదాన్ని అయిపోతాను. ఈ ఇంట్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా ముందు నా కూర వంకే చూస్తారు. నేను ఒప్పుకోనని మా అమ్మకి చెప్పి ఫోన్ పెట్టేశాను.

పౌర్ణమి పూజ ముందు అత్తగారు దేవుడి గుడ్డలన్నీ ఉతకమని నా ముందు పెట్టింది. వాటిలో దసరా నాటి పసుపు గుడ్డ ఉంది. దాన్ని బకెట్లో ముంచబోయి ఆగాను. గుడ్డ మీద గొట్టాలు బోర్లా నిలబెట్టిన చోటల్లా సున్నాలు చుట్టినట్టు మరకలు ఉన్నాయి. ప్రతి సున్నా మధ్యలో ఒక ఎర్రటి జిడ్డు చుక్క ఉంది.

బయట పెట్టిన బొట్టు గుడ్డ మీదకి ఎలా వచ్చింది? గొట్టం అడుగున క్యాపు కూర్చునే గుంట ఉంటుంది. ఆ గుంటలో లోపలికి ఒక చిన్న కన్నం ఉంటుంది. ఏటా తూటాకి క్యాపు ఉండేది కాబట్టి కన్నం మూసుకుని ఉండేది, బొట్టు పైనే నిలిచేది. ఈసారి క్యాపు లేదు. నూనె బొట్టు సరిగ్గా ఆ గుంటలో పడింది. కన్నంలోంచి లోపలికి దిగి, కొంత గొట్టం గోడలకి అంటుకుని, మిగతాది కింద గుడ్డ మీద చుక్కగా పడింది. ఆయన పైపంచెతో తుడిచింది పైన ఉన్నదాన్నే.

గుడ్డ వాసన చూశాను. అది ఆముదం కాదు, మా దీపం నూనె. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా భగ్గుమంది. గుడ్డ తీసుకెళ్ళి అత్తగారి ముందు పరిచాను. ఆవిడ వంకర తిరిగిన వేలితో ఒక్కో చుక్కనూ ముట్టుకుంటూ చాలాసేపు చూసింది. నలభై ఏళ్ళ కాపురంలో మొగుడి మాటకి ఎదురు చెప్పని మనిషి.

"దీన్ని ఉతక్కు. పక్కనెట్టు" అంది.

ఆదివారం పొద్దున్న మా అరుగు మీద కుర్చీలు వేశారు. మామగారు స్టూలు మీద కాలు చాపుకుని పెళ్ళికొడుకులా మధ్యలో కూర్చున్నారు. వీధిలో పెద్దవాళ్ళు ముగ్గురు వచ్చారు. కె.కోటపాడు నుంచి అత్తగారి అన్నయ్య పెదబాబుగారు వచ్చారు. ఆయన మిలట్రీలో తుపాకులు బాగుచేసే విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. మా ఆయన తండ్రి కుర్చీ వెనక నిలబడ్డాడు. నా వెనక గోడ ఉంది. నూకరత్నం వాళ్ళ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది, తీసిన కాయనే మళ్ళీ తీస్తోంది.

మామగారు మొదలుపెట్టారు. నేను ఈ ఇంటికి ఎందుకూ పనికిరాననీ, ఎస్సై దగ్గర పరువు తీసిన రోజే తనకి అనుమానం వచ్చిందనీ, అప్పటి నుంచీ పగబట్టి అదను చూసుకుని నూనె వదిలేశాననీ చెప్పారు. పగ సంగతి నిజమే కాబట్టి దానికి నేను అడ్డు చెప్పలేదు. ఆయన చెప్పడం అయ్యాక, నీ మాటేమిటమ్మా అని ఒక పెద్దాయన అడిగారు.

"బీరువాలో దాచిన ఆ పేలని తూటాలు విప్పండి. లోపల ఆముదం ఉంటే స్టేషన్‌కి నేనే నడిసొస్తాను. ఎవరూ లాక్కెళ్ళక్కర్లేదు" అన్నాను.

మామగారు నవ్వారు. ఆడదాని మాట మీద తూటాలు విప్పేదేమిటి, ఇది ఉల్లిపాయ కాదు అన్నారు. పెద్దమనుషులు అవునన్నట్టు తలలూపారు. అప్పుడు అత్తగారు గుమ్మంలోంచి అరుగు మీదకి వచ్చింది. మగవాళ్ళ మధ్యకి ఆవిడ అలా రావడం నేను ఎప్పుడూ చూడలేదు. మామగారి ముందు చెయ్యి చాపింది.

"తాళం ఇయ్యి" అంది.

ఆయన కదల్లేదు. ఆవిడ చెయ్యీ కదల్లేదు. పెదబాబుగారు గొంతు సవరించుకున్నారు.

"ఇచ్చీ బావా. భయమేటి నీకు?"

ఆ మాట గుచ్చుకుంది. కృష్ణంరాజు దేనికీ భయపడడని ఆయనే ఊరంతా చెప్పుకుంటారు. మొలతాడు తడుముకుని తాళం తీసి, అత్తగారి చేతికి ఇవ్వకుండా పెదబాబుగారి వైపు విసిరారు.

పెదబాబుగారు అందరినీ దూరంగా ఉండమని, పేలని తూటాలు పట్టుకుని ఒక్కరే పెరట్లోకి వెళ్ళారు. మేము గోడకి ఇవతల నిలబడ్డాం. ఎంతసేపు పట్టిందో తెలియదు. నేను కొంగు పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాను. నేను తోమింది నాకు తెలుసు. అయినా ఒక్క గొట్టంలో, ఒక్క చుక్క ఎక్కడైనా, అని అనుమానం దూరింది. ఆ అనుమానం మీద కూడా నాకు కోపం వచ్చింది. నన్ను నేనే అనుమానించుకునేలా చేశారు కదా వీళ్ళు.

ఆయన ఒక పేపరు మీద మందు పోసుకుని వచ్చారు. మందు పొడిగా లేదు, గడ్డకట్టి ఉంది. గడ్డల మీద ఎర్రటి చారలు ఉన్నాయి. క్యాపు కూర్చున్న గుంటలో కుంకుమ ముద్దగా పేరుకుని ఉంది. ఖాళీ గొట్టాన్ని ఆయన అత్తగారికి ఇచ్చారు. ఆవిడ వాసన చూసింది.

"మా దీపం నూనె" అంది.

నేను లోపలికి వెళ్ళి పసుపు గుడ్డ తెచ్చి అరుగు మీద పరిచాను. పెదబాబుగారు గొట్టాన్ని తీసుకుని ఒక సున్నా మీద నిలబెట్టారు. సరిగ్గా కూర్చుంది. బొట్లు ఎవరు పెట్టారని ఆయన అడగలేదు. ఆ ఇంట్లో బొట్లు ఎవరు పెడతారో అక్కడ ఉన్న అందరికీ తెలుసు. ఏటా ఆ పూజ ప్రసాదం తిన్నవాళ్ళే వాళ్ళంతా.

మామగారు గుడ్డ వైపు చూశారు, గొట్టం వైపు చూశారు. ఆయన మొహంలో సిగ్గు కోసం వెతికాను. కనిపించలేదు.

"అమ్మోరి బొట్టు తూటాని పాడుసేస్తాదా?" అన్నారు. "పోనీ, పాడయిందే అనుకోండి. పూజయ్యేక మళ్ళీ తోమొచ్చు కదా. తోమడం దీని పనే కదా."

ముట్టుకోవద్దన్నది మీరే అన్నాను. అవును, ఆయనే అన్నారు అని అత్తగారు పక్క నుంచి అంది. మామగారు వినబడనట్టు కాలి కట్టు సర్దుకున్నారు.

పెద్దమనుషులకి ఎక్కడ లేని తొందరా వచ్చింది. సర్లెండి, ఎవరి తప్పూ లేదు, అమ్మవారి దయ వల్ల కాలితో పోయింది అన్నారొకరు. ఇంటి గుట్టు బయటపడకూడదు అన్నారు ఇంకొకరు, ఇన్నాళ్ళూ నా గుట్టు కుళాయి దగ్గర పంచుతున్న మనిషి. ఎలాగూ అందరం ఉన్నాం, మామగారి కాళ్ళకి ఒక దణ్ణం పెట్టేస్తే మనస్పర్ధలు పోతాయి అని ముగ్గురూ కలిసి నిర్ణయించారు. మా ఆయన వచ్చి నా భుజం దగ్గర నిలబడ్డాడు.

"దణ్ణం ఎట్టీ బిందూ. అయిపోద్ది" అన్నాడు.

ఒక నిమిషం ముందు నన్ను స్టేషన్‌కి పంపడానికి కూర్చున్నవాళ్ళు, ఇప్పుడు నేను దోషిని కాదని తేలినందుకు కూడా నన్నే వంగమంటున్నారు. నేను లోపలికి వెళ్ళాను. కుంకుడుకాయ రసం గిన్నె, దూది, పుల్ల తెచ్చాను. వంగాను. దణ్ణం పెడుతున్నానని పెద్దమనుషుల మొహాలు విప్పారాయి. గిన్నెని మామగారి బాగున్న కాలి పక్కన పెట్టి నిలబడ్డాను.

"ఇంక వీటి మీద నా చెయ్యి పడదు మావయ్యగారూ. నేను మిమ్మల్ని సంపాలని సూడలేదని ఈ అరుగు మీంచి ఈధికి ఇనబడేలా సెప్పండి. సెప్పేదాకా మీ పిలుపుకి నేను పలకను."

ఆయన మొహం తిప్పుకున్నారు. పెద్దమనుషులు కాఫీ కూడా తాగకుండా లేచారు. పెదబాబుగారు మాత్రం బీరువాలో ఉన్న మిగతా తూటాలు కూడా విప్పి, మందంతా పారబోసి, ఉత్త గొట్టాలు సంచీలో పోసి బీరువా పక్కన పెట్టి వెళ్ళారు. ఆ రాత్రి మా ఆయన, పరవాడ దగ్గర ఇల్లు చూస్తాను వచ్చేయమన్నాడు. ఆ మాట ముందు మీ నాన్నకి చెప్పు, ఆ తరవాత నాకు చెబుదువు అన్నాను. తండ్రికి చెప్పకుండానే సోమవారం బస్సెక్కాడు.

ఇంట్లో మామగారు పిలిచేవారు, నేను పలికేదాన్ని కాదు. కంచం ఆయన ముందు పెట్టి వచ్చేసేదాన్ని. ఉప్పు తక్కువైందని ఆయన గోడకి చెప్పేవారు. స్టేషను మాట మళ్ళీ ఎత్తలేదు కానీ, కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు జరుపుకోవడం మాత్రం మానలేదు. అరుగు మీద గొంతులు తగ్గించి తేల్చింది వీధిలోకి దిగలేదు. నాకు పడిన పేరు నాకే ఉండిపోయింది. దాన్ని మోస్తూ ఆ ఇంట్లో ఉండలేననీ, ఉండకూడదనీ రోజూ అనుకునేదాన్ని.

ఇంతలో పందులు మళ్ళీ దిగాయి. చక్కెర ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరు ఇంకా రాలేదు, చెరకు నిలబడే ఉంది. ఒక మూల మొత్తం పడుకోబెట్టేశాయని కబురొచ్చింది. బీరువాలో తుపాకీ ఉంది, తూటా ఒక్కటీ లేదు. మామగారు సంచీ అత్తగారి ముందు పెట్టారు. ఆవిడ తన వేళ్ళు ఎత్తి చూపించింది. నా గది వైపు చూశారు. నేను తలుపు వేసుకోలేదు, కిటికీ దగ్గరే నిలబడి ఆయనకి కనిపించేలా ఊరికే ఉన్నాను.

పెరట్లో మెట్లు దిగడానికి కాలు సహకరించదు. అందుకని పొద్దున్నే అరుగు మీద పీట వేసుకుని, కాలు చాపుకుని, గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నారు. చింతపండుతో మొదలుపెట్టారు. జిడ్డు మీద పులుసు జారిపోయింది. గొట్టం చేతిలోంచి జారి వీధిలోకి దొర్లింది. దాన్ని తెచ్చుకోవడానికి కర్ర పట్టుకుని లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు. ముందు కుంకుడు రసం అని అత్తగారు గుమ్మంలోంచి చెప్పింది.

ఎదురింటి నుంచి నూకరత్నం వచ్చింది. దొర్లిన గొట్టాన్ని తీసి ఆయనకి ఇచ్చింది.

"ఏటి రాజుగారూ, మీరు తోముతన్నారేటి? కోడలు లేదా?"

"కోడలికి తోమడం రాదు" అన్నారు మామగారు, తల ఎత్తకుండా.

కిటికీ ఊచని పిడికిట బిగించాను. ఇంక బయటికి వెళ్ళి నోరు విప్పాల్సిందే అనుకున్నాను. నేను కదిలేలోపే అత్తగారు అరుగు మీదకి వచ్చింది. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

"కోడలు సుబ్బరంగానే తోమింది నూకరత్నం. అది తోమిన గొట్టాలకి నూనె బొట్టెట్టి పాడుసేసింది ఈయన. కాలు సీరించుకున్నాడు, నింద దాని మీదెట్టేడు. ఇప్పుడు ఆయనెట్టిన బొట్టు ఆయనే కడుక్కుంటన్నాడు. పో, ఈధంతా సెప్పు."

నూకరత్నం కొంగు దోపుకుని కుళాయి వైపు నడిచింది. దాని నడక చూస్తేనే తెలిసింది, మధ్యాహ్నానికి ఈ మాట వడ్డాది దాకా వెళ్తుందని. అత్తగారు లోపలికి వచ్చి నా పక్కన కిటికీ దగ్గర నిలబడింది. వంకర వేళ్ళ చెయ్యి ఊచ మీద వేసింది. నేను పట్టుకున్నాను.

మామగారు చుట్టూ చూడలేదు. గొట్టాన్ని కుంకుడు రసంలో ముంచి, పుల్లతో తిప్పి, నీళ్ళు వంపేసి, దూది తీసి వత్తి చేయడానికి చాలా అవస్థ పడ్డారు. వత్తి గొట్టంలోకి దూర్చి బయటికి లాగారు. ఎర్రగా వచ్చింది. దాన్ని పక్కన పడేసి, ఇంకో వత్తి చేసుకోవడం మొదలుపెట్టారు.